‘పికప్ లేదు’ అంటే ఏంటి?

ముందే చెప్పేస్తున్నా. నేను సీఎస్ఈ రెండో సంవత్సరం, మెకానికల్ కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి నా తెలుగులో అక్కడక్కడా గతుకులు తగులుతాయి, సర్దుకోండి. ఈసారి సంచికకి “మీరు కొత్తగా నేర్చుకున్న విషయాన్ని పాఠంలా రాయండి” అని క్లబ్ వాళ్లు అడిగారు. ఈ వేసవి సెలవుల్లో నేను నిజంగా నేర్చుకున్నది ఒక్కటే: పాత కారు యాక్సిలరేటర్ తొక్కినా ముందుకి ఉరకకపోతే, కారణం ఎక్కడుందో వెతకడం. మీ ఇంట్లో కూడా పదిహేనేళ్లు దాటిన కారు ఉంటే ఈ పాఠం పనికొస్తుంది. మెకానికల్ బ్రాంచ్ వాళ్లు తప్పులుంటే దిద్దండి.

ఆ రోజు ఏం జరిగిందంటే

మా నాన్న కారు 2007 మోడల్. నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, నాకంటే ఏడాది చిన్నది. లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్లు నిండాక 2022లో ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించారు. నాన్నది ఎరువుల షాపులు తిరిగే ఉద్యోగం. విజయనగరం నుంచి బయల్దేరితే రోజుకి వంద కిలోమీటర్లకి తక్కువ కాదు. నడుము నొప్పి వల్ల బైక్ మీద అంత దూరం తిరగలేరు. అంటే ఆ కారు మాకు షోకు కాదు, బతుకుతెరువు.

మే నెలలో నాయనమ్మని సింహాచలం తీసుకెళ్తున్నాం. తగరపువలస దగ్గర హైవే ఎక్కేటప్పుడు నాన్న యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారు. కారు నలభై దగ్గరే ఆగిపోయింది. ఇంకా తొక్కినా అంతే. వెనకాల లారీ హారన్ మోగుతూనే ఉంది. అద్దంలో లారీ ముందు భాగం తప్ప ఇంకేం కనపడలేదు. లారీ డ్రైవర్ బ్రేకు కొట్టి పక్కనుంచి వెళ్లాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. కాసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు. “ఏటైనాది నాయనా” అంది నాయనమ్మ చివరికి. ఘాట్ రోడ్డు మీద ఏసీ ఆపేసి, ఫస్ట్ గేరులో పాక్కుంటూ కొండెక్కాం.

మర్నాడు ఒక షెడ్డుకి తీసుకెళ్లాం. ఐదు నిమిషాలు ఇంజిన్ శబ్దం విని, “ఇంజిన్ పనైపోయింది సార్, బోర్ చేయించాలి, నలభై వేలు అవుద్ది” అన్నారు. నాన్న ఏమీ అనలేదు. రాత్రి అమ్మతో “స్క్రాప్‌కి ఇచ్చేద్దామా” అనడం నాకు వినపడింది. జులైలో నా ఫీజు కట్టాలి. నలభై వేలు రెండు చోట్ల ఖర్చు పెట్టలేం కదా.

నా మొదటి తప్పు: లిస్టు

నేను ఏం చేశానంటే, ఫోన్‌లో వెతికి “కారు స్లో అవడానికి కారణాలు” అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాశాను. ఇరవై ఏడు వచ్చాయి. ఎయిర్ ఫిల్టర్ నుంచి గేర్‌బాక్స్ దాకా. షీట్‌కి రంగులు కూడా వేశాను. చూడ్డానికి బాగుంది, కానీ ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.

మా వీధి చివర వేపచెట్టు కింద ఒక పెద్దాయన షెడ్డు ఉంది. ఒక్కరే పని చేస్తారు, అందరూ మేస్త్రీ అంటారు. షీట్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లి “పికప్ లేదండీ” అన్నాను.

ఆయన తలెత్తి, “పికప్ లేదంటే ఏటమ్మా? ఎలగ లేదు?” అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. “యాప్ పని చేయట్లేదు” అని ఒక్క లైను రాసి పంపే యూజర్‌ని మనం ఎంత తిట్టుకుంటామో తెలుసు కదా? నేను సరిగ్గా ఆ యూజర్‌నే. ఇరవై ఏడు కారణాలు తెలుసు గానీ, లక్షణం ఏంటో ఒక్క వాక్యంలో చెప్పలేను. ఈ పాఠంలో అసలు విషయం ఇదే: జబ్బు వెతకడానికి ముందు లక్షణాన్ని సరిగ్గా చెప్పడం నేర్చుకోవాలి. అదొచ్చాక సగం కారణాలు వాటంతటవే లిస్టులోంచి ఎగిరిపోతాయి.

మేస్త్రీ ఐదు ప్రశ్నలు

ఆయన అడిగినవి ఇవి. ప్రతిదాని వెనకా లెక్క ఉంది. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఒకటి, మెల్లగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా? మెల్లగా అంటే అరుగుదలో, పేరుకున్న మురికో: ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు, సైలెన్సర్ లోపలి భాగాలు. నిన్నటిదాకా బాగుండి ఈరోజు పోయిందంటే వైరు ఊడటం, గొట్టం చీలడం, కాయిల్ పోవడం లాంటివి.

రెండు, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? వేడెక్కాక మాత్రమే వస్తే కాయిల్స్‌నీ, వేడెక్కి పట్టేసే బ్రేకుల్నీ అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే అయితే టెంపరేచర్ సెన్సర్ వైపు చూడాలి.

మూడు, ఏ పరిస్థితిలో? ఊళ్లో మెల్లగా తిరిగితే బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడో ఎక్కువ స్పీడులోనో మాత్రమే చచ్చుబడుతోందా?

నాలుగు, తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరుగుతోందా? ఈ ఒక్క ప్రశ్న నా ఎక్సెల్ షీట్ మొత్తం కంటే విలువైనది. కింద వివరిస్తాను.

ఐదు, ఈ మధ్య ఏం మార్చారు, ఏం రిపేరు చేయించారు? మన భాషలో చెప్పాలంటే “చివరి కమిట్ ఏంటి?” అన్నమాట.

ఇంటికెళ్లి నాన్నని కూర్చోబెట్టి ఇవే అడిగాను. ఇద్దరం కలిసి రాసిన జవాబు: “ఏడెనిమిది నెలల నుంచి మెల్లగా తగ్గుతోంది. చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకటే. ఊళ్లో పర్వాలేదు. ఎత్తులో, హైవే మీద పూర్తిగా తొక్కినా శబ్దమూ పెరగదు, స్పీడూ పెరగదు. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ కొంచెం వణుకుతోంది. ఈ మధ్య ఏమీ మార్చలేదు.” నీలి పొగ లేదని, ఇంజిన్ ఆయిల్ ఎప్పుడూ తగ్గలేదని కూడా రాశాం. ఆ రెండింటికీ తర్వాత పని పడింది.

మూడు గదులు

మేస్త్రీ చెప్పిన పద్ధతి ప్రకారం కారుని మూడు గదులుగా ఊహించుకోండి. మొదటి గదిలో శక్తి పుడుతుంది: ఇంజిన్. రెండో గదిలోంచి ఆ శక్తి చక్రాలకి చేరుతుంది: క్లచ్, గేర్లు. మూడో గదిలో దాన్ని ఏదైనా వెనక్కి పట్టుకుంటోందేమో చూడాలి: బ్రేకులు, టైర్లు. నాలుగో ప్రశ్నతో ఏ గదిలోకి వెళ్లాలో తెలుస్తుంది.

తొక్కగానే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది కానీ కారు ఆ లెక్కన పరిగెత్తదు అంటే క్లచ్ జారుతోంది. దీన్ని రోడ్డు మీదే చూడొచ్చు. ఖాళీ రోడ్డు మీద నలభై స్పీడులో టాప్ గేరు వేసి పూర్తిగా తొక్కండి. మంచి క్లచ్ అయితే శబ్దం, స్పీడు రెండూ కలిసి నెమ్మదిగా పెరుగుతాయి. జారే క్లచ్ అయితే శబ్దం ఒక్కసారి లేచిపోతుంది, స్పీడు అక్కడే ఉంటుంది. ఒక్కోసారి కాలిన వాసన కూడా వస్తుంది. మా కారులో శబ్దం లేవలేదు. రెండో గది మూసేశాం.

మూడో గదికి ఖర్చు సున్నా. ముందు టైర్లలో గాలి చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. తర్వాత సమతలంగా ఉన్న చోట కారుని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి నెట్టి చూడాలి. లోపల ఒకరు బ్రేకు మీద కాలు పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. చిన్న కారుని ఒక్క మనిషి కదిలించగలగాలి. చివరగా, బ్రేకు ఎక్కువ వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి, ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టండి. తాకొద్దు, దగ్గరగా పెడితే చాలు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. మా కారు నేను నెడితే కదిలింది, చక్రాల్లో కూడా తేడా లేదు. మూడో గది కూడా మూసేశాం.

ఒక్క సాయంత్రంలో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఇరవై ఏడు కారణాల్లో పదో పన్నెండో పోయాయి. క్లాసులో బైనరీ సెర్చ్ చెప్పినప్పుడు నాకు ఇంత ఆనందం కలగలేదు.

మొదటి గది లోపల

పెట్రోల్ ఇంజిన్‌కి కావలసినవి ఐదు: గాలి, పెట్రోల్, నిప్పురవ్వ, ఒత్తిడి, పొగ బయటికి పోయే దారి. ఒక్కటి తగ్గినా శక్తి తగ్గుతుంది. చవకైన పరీక్ష ముందు, ఖరీదైనది చివర. ఆ వరసలో చెప్తాను.

గాలి: ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే కాంతి కనపడాలి. దాని నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం ఎక్కడైనా చీలిందేమో చూడాలి. ఇంకో చిన్న పరీక్షని చాలామంది మర్చిపోతారట. ఇంజిన్ ఆపి ఉండగా లోపల ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, బానెట్ కింద థ్రాటిల్ దగ్గరి లివరు చివరిదాకా తిరుగుతోందా? పాత కార్లలో అక్కడికి వైరు లాంటి కేబుల్ ఉంటుంది. అది సాగినా, కాలి కింద మ్యాట్ ముడుచుకుని పెడల్‌కి అడ్డుపడినా, మనం పూర్తిగా తొక్కాం అనుకుంటాం, ఇంజిన్‌కి సగమే తెలుస్తుంది.

నిప్పురవ్వ: ప్లగ్గులు విప్పి రంగు చూడాలి. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడి నూనె ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువవుతున్నట్టు అనుమానించాలి. నాలుగు ప్లగ్గుల్నీ తీసిన వరసలోనే పక్కపక్కన పెట్టుకోండి, ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకూడదు.

ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. ఎయిర్ ఫిల్టర్ మట్టి కొట్టుకుపోయింది. ప్లగ్గుల మొనలు అరిగి గ్యాప్ పెరిగిపోయింది. ఉత్సాహంలో రెండూ ఒకే రోజు మార్చించేశాను. ఆగి ఉన్నప్పుడు వణుకు పోయింది. “దొరికేసింది నాన్నా!” అని ఇంట్లో ప్రకటన కూడా చేశాను. మర్నాడు నాన్న చీపురుపల్లి వైపు వెళ్లొచ్చి “అమ్మడూ, ఎత్తులో అలాగే ఉంది” అన్నారు.

రెండు జబ్బులు ఉన్నాయి. నేను చిన్నదాన్ని బాగుచేసి, పెద్దది పోయిందనుకున్నాను. పైగా రెండు వస్తువులు ఒకేసారి మార్చడం వల్ల ఏది మార్చితే వణుకు పోయిందో ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. ప్లగ్గులే అయ్యుండాలి. కోడ్‌లో రెండు లైన్లు ఒకేసారి మార్చి రన్ చేస్తే ల్యాబ్‌లో తిట్టే సీనియర్ ఈ రోజు నాకు గుర్తొచ్చారు. ఇంకోటి కూడా నేర్చుకున్నాను: బాగైందో లేదో జబ్బు కనపడ్డ చోటే పరీక్షించాలి. మా జబ్బు కనపడేది ఎత్తులో. నేను చూసింది ఇంటి ముందు ఆగి ఉన్న కారుని.

ఒత్తిడి: నలభై వేల మాటకి జవాబు ఇక్కడే ఉంది. బోర్, రింగులు అరిగితే సిలిండర్‌లో ఒత్తిడి నిలవదు. దానికి కంప్రెషన్ టెస్ట్ ఉంది. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ విప్పి, పెట్రోల్, కరెంటు వెళ్లకుండా చేసి, ఒక్కో రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పుతారు. మా కారుకి వచ్చినవి 170, 165, 170, 160 పీఎస్ఐ. అంకె మరీ తక్కువ కాకపోవడమే కాదు, నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఏదైనా ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. మాకు ఆ అవసరం రాలేదు. నీలి పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు, ఒత్తిడి బాగుంది. “ఇంజిన్‌కేటీ కాలేదమ్మా, ఇంకో యాభై వేలు తిరుగుద్ది” అన్నారు మేస్త్రీ. ఆ గేజ్ ఫొటో తీసి నాన్నకి పంపాను. ఆయన రిప్లై ఇవ్వలేదు గానీ, ఆ రాత్రి స్క్రాప్ మాట రాలేదు.

పొగ దారి: సైలెన్సర్ గొట్టంలో కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. లోపల తేనెపట్టు లాంటి సన్నని గదులు. ప్లగ్గులు చాలాకాలం సరిగ్గా కాల్చకపోతే కాలని పెట్రోల్ అక్కడికొచ్చి మండి, ఆ తేనెపట్టు కరిగి మూసుకుపోవచ్చు. అప్పుడు ఇంజిన్‌కి ఊపిరి వదలడానికి దారుండదు. దీనికి వాక్యూమ్ గేజ్ పరీక్ష ఉంది. ఇంజిన్‌ని రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర కాసేపు నిలిపితే, ముల్లు నిలకడగా ఉండాలి. మెల్లగా దిగిపోతూ ఉంటే దారి మూసుకుపోతోంది. మా ముల్లు కదల్లేదు.

మిగిలింది పెట్రోల్

నా షీట్‌లో ఇప్పుడు పెట్రోల్‌కి సంబంధించిన నాలుగు లైన్లే మిగిలాయి. రాసుకున్న లక్షణం మళ్లీ చదివాం: “ఊళ్లో పర్వాలేదు, ఎత్తులో పోతుంది.” పేషన్స్‌తో చదివితే జవాబు అందులోనే ఉంది.

మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే పైపు సగం పూడుకుపోయిందనుకోండి. ఒక్క కుళాయి తిప్పితే నీళ్లు బాగానే వస్తాయి. మూడూ ఒకేసారి తిప్పితే సన్నటి ధార. ఇంజిన్ కూడా అంతే. మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోల్ కొంచెమే కావాలి. ఎత్తులో పూర్తిగా తొక్కితే గాలి బోలెడు వస్తుంది, దానికి తగ్గ పెట్రోల్ రావాలి. పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువులో ఒక వంతు పెట్రోల్‌కి సుమారు 14.7 వంతుల గాలి లెక్క, పూర్తి శక్తి కావాలంటే పెట్రోల్ ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. అది అందకపోతే శబ్దమూ లేవదు, స్పీడూ లేవదు. పది మంది యూజర్లతో బాగా నడిచి రిజల్ట్స్ రోజు పడిపోయే సైట్ లాంటిదే.

మరి చెక్ ఇంజిన్ లైట్ ఎందుకు వెలగలేదు? నేనూ అదే అడిగాను. మన దేశంలో కార్లకి ఓబీడీ మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో తప్పనిసరి అయ్యాయి. మాది అంతకు ముందుది. మీ కారు కొత్తదైతే స్కానర్ పెట్టి కోడ్లు చదవడం అందరికంటే ముందు చేయాల్సిన పని. మా కారులో పెట్రోల్ ఒత్తిడిని కొలిచే సెన్సరే లేదు. పైగా ఇలాంటి కార్లలో పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ సాధారణంగా ఆక్సిజన్ సెన్సర్ మాట పక్కన పెట్టి, తన పట్టికలోని లెక్క ప్రకారం ఇంజెక్టర్లు తెరుస్తుంది. తెరిచింది సరే, అవతల పెట్రోల్ వచ్చిందో లేదో దానికి తెలీదు. లాగ్ రాయని ప్రోగ్రాంలో ఎర్రర్ కనపడదు కదా.

మేస్త్రీ పెట్రోల్ లైనులో ప్రెషర్ గేజ్ కలిపి, దాని ముఖం డ్రైవర్‌కి కనపడేలా ముందద్దం బయట టేపుతో అంటించారు. ఇది మాత్రం మీరు చేయకండి. ఒత్తిడితో ఉన్న పెట్రోల్, పక్కనే వేడి ఇంజిన్. తెలిసినవాళ్లే చేయాలి. ఇలాంటి కార్లలో చాలావాటికి సుమారు మూడు బార్లు ఉండాలి. ఖచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ఆగి ఉన్నప్పుడు మాకు 2.9 వచ్చింది. అంతా బాగానే ఉంది అనిపించే అంకె. తర్వాత ఆయన నడుపుతూ, నేను పక్కన కూర్చుని రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎక్కాం. తొక్కగానే ముల్లు దిగడం మొదలెట్టింది. 2.5, 2.2, బ్రిడ్జి పైకి చేరేసరికి 1.7. కారు చచ్చుబడింది.

“కనపడిందా అమ్మా?” అన్నారు. కనపడింది. నెలల తరబడి మా ఇంట్లో ఉన్న భయానికి ఒక అంకె దొరికింది.

ట్యాంకు అడుగున

వెనక సీటు ఎత్తితే కింద మూత, దాని కింద పంపు. పంపు అడుగున చిన్న జల్లెడ సంచి ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన ఆ సంచి మా కారులో కాఫీ వడకట్టిన గుడ్డలా ఉంది. పద్దెనిమిదేళ్ల మట్టి, తుప్పు, జిగురు. లోపలి ఫిల్టర్ కూడా అంతే. పంపు తిరుగుతోంది గానీ బలం తగ్గిపోయింది.

మేస్త్రీ నాన్నని అడిగారు: “ట్యాంకులో ఎప్పుడూ ఎంత ఉంచుతారు బాబూ?”

నాన్న కొంచెం ఆగి, “మూడొందలకి కొట్టిస్తుంటానండి. రిజర్వ్‌కి వచ్చాక మళ్లీ మూడొందలు” అన్నారు.

ట్యాంకులో ఉండే పంపుని చల్లబరిచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే. ట్యాంకు ఎప్పుడూ అడుగంటి ఉంటే పంపు వేడిలో పని చేసి త్వరగా అరిగిపోతుంది. పైన మూసుకుపోయిన జల్లెడలోంచి లాగాల్సి రావడం ఇంకో భారం. పాత కారుకి కనీసం పావు ట్యాంకు ఉంచమనేది అందుకే.

మూడొందల అలవాటు ఎప్పట్నుంచి అని నేను అడగలేదు. నాకు లెక్క తెలుసు. అంతకు ముందు నాన్న ట్యాంకు నింపించేవారు, పంపు దగ్గర మీటర్ తిరుగుతుంటే నాచేత అంకెలు చదివించేవారు. నేను హాస్టల్‌లో చేరాక ఆ పద్ధతి మారింది. డయాగ్నోసిస్‌లో “ఎందుకు” అనే ప్రశ్నని చివరిదాకా అడగమంటారు. ఎందుకు పికప్ లేదు, పెట్రోల్ అందక. ఎందుకు అందలేదు, పంపు, జల్లెడ పోయి. ఎందుకు పోయాయి, వయసు వల్ల, ఖాళీ ట్యాంకు వల్ల. ట్యాంకు ఎందుకు ఖాళీ? అక్కడ నేను ఆగిపోయాను.

కొత్త పంపు, జల్లెడ, ఫిల్టర్, ట్యాంకు కడగడం, మజూరీ, అంతకు ముందు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ అన్నీ కలిపి ఏడు వేల లోపే అయింది. మళ్లీ గేజ్ పెట్టి అదే బ్రిడ్జి ఎక్కాం. ముల్లు 2.9 దగ్గర కదలకుండా కూర్చుంది.

ఒక చిన్న మాట. ఈ మధ్య ఏ పాత కారుకి ఏం జరిగినా అందరూ ఇథనాల్ పెట్రోల్ అనేస్తున్నారు, మా ఇంట్లో కూడా అన్నారు. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద తేడా ఆరేడు శాతం వస్తుంది. అది మైలేజీలో కనపడుతుంది. పాత కార్లలో దానికోసం తయారుచేయని రబ్బరు గొట్టాలుంటే వాటిని అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిదే. కానీ నలభై దాటని కారుకి ఆరేడు శాతం జవాబు కాదు. అనుమానం మంచిదే, దాని పరిమాణం కూడా లక్షణానికి సరిపోవాలి.

షెడ్డు తెలుగు

ఇది సాహిత్య క్లబ్ కాబట్టి చివరగా కొన్ని మాటలు. నేను ఫోన్‌లో చదివిన ఇంగ్లీష్ పదాల కంటే షెడ్డులో విన్న మాటలు పనికొచ్చాయి. మీరు మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు “పికప్ లేదు” అనకుండా వీటిలో ఏదో చూసి చెప్పండి.

“ఇంజిన్ అరుస్తోంది, బండి కదలట్లేదు” అంటే క్లచ్ వైపు.

“బండి పట్టేస్తోంది” అంటే బ్రేకుల వైపు.

“మిస్సింగ్ కొడుతోంది” అంటే ప్లగ్గులు, కాయిల్స్. ఇంజిన్ దడదడమని తడబడుతుంది.

“ఎత్తులో దమ్ము లేదు” అంటే పెట్రోల్ అందకపోవడమో, పొగ దారి మూసుకుపోవడమో.

“ఆయిల్ తాగుతోంది, నీలి పొగ వస్తోంది” అంటే అప్పుడు మాత్రం బోర్ గురించి మాట్లాడొచ్చు.

ఐదూ వేర్వేరు జబ్బులు. మనం ఐదింటికీ ఒకటే మాట వాడుతున్నాం. ఆ ఒక్క మాట పట్టుకుని నలభై వేలు అడిగినా, ఎదురు అడగడానికి మన దగ్గర ప్రశ్న ఉండదు.

జూన్ చివర్లో మళ్లీ సింహాచలం వెళ్లాం. హైవే ఎక్కేటప్పుడు నేను అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాను. నాన్న తొక్కారు, కారు యాభై, అరవై దాటి వెళ్లిపోయింది. ఘాట్ రోడ్డు సెకండ్ గేరులో, ఏసీతో ఎక్కాం. నాయనమ్మ నిద్రపోయింది, ఆమెకి ఏమీ తెలీలేదు.

తిరిగొచ్చేటప్పుడు పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. నాన్న అలవాటుగా “మూడొందలు” అనబోయి, నా వైపు చూసి, “వెయ్యికి కొట్టు బాబూ” అన్నారు. మీటర్ అంకెలు నేనే చదివాను.